తపాలా బిళ్లపై యుద్ధనౌక

గడచిన పాఠశాల వార్షికోత్సవమునందు విద్యార్థుల సేకరణములను ప్రదర్శించిన గదిలో, తొమ్మిదవ తరగతి బాలుడొకడు తన తపాలా బిళ్లల పుస్తకమును తెఱచియుంచెను. ఆ పుస్తకము వాని తాతగారి కాలమునుండి పెరుగుచు వచ్చినది. పక్షులు, పుష్పములు, రైళ్లు, దేశనాయకులు గల పుటలను జనులు చూచి, సంతసించి, ముందునకు సాగిపోవుచుండిరి. నౌకల పుటకడ మాత్రము గుంపు నిలిచెను. అందు చేపల పడవలును టపా ఓడలును కొన్ని యున్నను, పెక్కు బిళ్లలు యుద్ధనౌకలవే. ఒక విద్యార్థి తండ్రిగారు వానిని చూచి, "చంపు యంత్రములను ఇంత యందముగా చూపు కాగితములు పాఠశాలలో నుండదగునా?" అని యడిగిరి. ప్రక్కనున్న మా యుపాధ్యాయ మిత్రులొకరు, "అవి వట్టి బొమ్మలే గదండీ!" అని నవ్విరి. బాలుడు ఇరువురి మొగములను మార్చి మార్చి చూచెను. సాయంకాలము నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, ఆ పుట తీసివేయమందురా అండీ?" అని యడిగెను. వానికి అప్పుడే యుత్తరమీయలేకపోతిని. మన పత్రికలో వ్రాసెదనని మాట యిచ్చితిని. ఆ మాట చెల్లించుటకే ఈ వ్యాసము.

మొదట తపాలా బిళ్ల యననేమో యాలోచింతము. 1840వ సంవత్సరము మే నెల 6వ తేదీన ఇంగ్లండులో నల్లని పెన్నీ బిళ్ల చెల్లుబడికి వచ్చెను. అంతకుముందు ఉత్తరమందుకొనువారే సాధారణముగా దూరమునుబట్టి రుసుము చెల్లించుచుండిరి. రోలండ్ హిల్ ప్రతిపాదించిన సంస్కరణముచే, పంపువాడే ముందుగా స్వల్పమైన రుసుము చెల్లించి, దానికి గుర్తుగా బిళ్ల నంటించు పద్ధతి యేర్పడెను. మన దేశమున సింధు ప్రాంతమునందు 1852లోను, దేశమంతటను 1854లోను బిళ్లలు వాడుకలోనికి వచ్చెను. కాబట్టి బిళ్ల యొక రసీదు. రసీదుపై వెల తెలిసిన చాలును, బొమ్మతో పనిలేదు. అయినను ప్రతి ప్రభుత్వమును దానిపై నొక బొమ్మ ముద్రించును. ఆ బొమ్మను ఎన్నుకొనుటలో ఉత్తరము వ్రాయువానికిగాని, అందుకొనువానికిగాని భాగము లేదు.

గోడమీది ప్రకటనను ఇష్టములేనివాడు చూడక పోవచ్చును. కరపత్రమును చించివేయవచ్చును. వార్తాపత్రికను కొనక మానవచ్చును. బిళ్లను మాత్రము మానుటకు వీలులేదు. తల్లి కుమారునికి వ్రాసిన యుత్తరముపైనను, వర్తకుని లెక్కల కవరుపైనను, మరణవార్త తెచ్చు కార్డుపైనను ఆ బొమ్మయే కూర్చుండును. దానిని తడిపి తన చేతులతో నంటించు ప్రతివాడును తెలియకయే ప్రభుత్వపు మాటను మోయు హర్కారా యగుచున్నాడు. ఇంత చవుకగా, ఇంత దూరము, ఇంతమంది యిండ్లలోనికి పోగల ప్రచారసాధనము వేఱొకటి చిరకాలము లేకుండెను.

శాంతికాలపు బిళ్లకును ఈ గుణము కలదు. ఆఱవ జార్జి చక్రవర్తి పేర 1937లో మన దేశమున వెలువడిన వరుసను పెద్దలు కొందఱు తమ తాతల పెట్టెలలో చూచియుందురు. హర్కారా, ఎడ్లబండి, టాంగా, ఒంటె, రైలు, ఓడ, లారీ, విమానము అను టపా వాహనములు వానిపై నున్నవి. 6 అణాల బిళ్లపైనిది టపా ఓడ. దానియందు ఫిరంగి లేదు, శత్రువు లేడు. అయినను ఆ ఓడ ప్రక్కనే చక్రవర్తి శిరస్సు కలదు. "మీ యుత్తరము సముద్రము దాటుచున్నదన్న నది నా పాలనముచేతనే" అని యా బొమ్మ మెల్లగా చెప్పుచున్నది. శాంతికాలమున మెల్లగా చెప్పుమాటను యుద్ధకాలమున బిగ్గఱగా చెప్పుదురు. భేదమంతియే.

ఇక యుద్ధమున నౌకయే యేల? పదాతి యెట్లుండునో పౌరుడెఱుగును. వాడు తన యింటివాడో, పొరుగింటివాడో. నౌకను చూచినవారు తక్కువ. తీరమునకు దూరమున నివసించువానికి తన దేశపు నౌకాదళమనగా బొమ్మలో చూచినదియే. అదియునుగాక నౌకకు మనుష్యునివలె పేరు కలదు. పుట్టుకయు మరణమును గలవు. పతాకము, పొగ, అల, ఆకాశము అన్నియు గూడి చూచుటకు సొంపుగా నుండును. అన్నిటికంటె ముఖ్యమైన కారణమొకటి కలదు. నేలమీద యుద్ధము జరిగినచోట కూలిన గోడలును, సమాధులును నిలిచి సాక్ష్యమిచ్చును. సముద్రము తన గాయమును వెంటనే పూడ్చుకొనును. వేయిమంది మునిగినచోట మఱునాడు అదే నీలిజలము. అందుచేత నౌకాయుద్ధమును రక్తములేని యుద్ధముగా చిత్రించుట మిక్కిలి సులభము.

ఇందుకు పాతదియు, ఉపదేశకరమైనదియు నగు నుదాహరణము అమెరికాది. 1898 ఫిబ్రవరి 15వ తేదీ రాత్రి, స్పెయిను పాలనములోనున్న క్యూబాలోని హవానా రేవునందు 'మెయిన్' అను అమెరికా యుద్ధనౌక ప్రేలి మునిగెను. రమారమి 260 మంది నావికులు చనిపోయిరి. నౌక వెలుపల నుంచిన మందుపాతరయే కారణమని అమెరికా నౌకాదళపు విచారణ సంఘము తేల్చెను. పత్రికలు స్పెయినుపై నిందమోపి జనుల కోపమును రగిల్చెను. ఏప్రిలులో యుద్ధము వచ్చెను. ఆ యుద్ధవ్యయమునకై జూను నెలలో క్రొత్త పన్నులు విధించి, చెక్కులు, దస్తావేజులు, మందుసీసాలు మున్నగువానిపై నంటింపవలసిన సుంకపు బిళ్లలను ముద్రించిరి. అవి తపాలా బిళ్లలు కావు గాని వాని సోదరములే. వానిపై నున్నది ఒక యుద్ధనౌక; అది మెయినే యని బిళ్లల సేకరించువారు చెప్పుదురు. దగ్గుమందు కొన్న ముసలమ్మకును ఆ నౌక బొమ్మ చేతికి వచ్చెను. యుద్ధము కొలది నెలలలో ముగిసెను. ఆ యేడు డిసెంబరు సంధిచే ఫిలిప్పీను దీవులు, పోర్టోరికో, గ్వాము అమెరికా వశమయ్యెను.

డెబ్బదియెనిమిది సంవత్సరముల తరువాత, 1976లో, అమెరికా నౌకాదళమునకే చెందిన అడ్మిరల్ రికోవర్ నిపుణులతో పరిశోధించి, నౌకలోపలి బొగ్గు కొట్టునందు పుట్టిన నిప్పు ప్రక్కనున్న మందుగుండు గదికి సోకుటయే కారణమై యుండునని ప్రకటించెను. ఈ విషయమున పండితులందఱును ఏకాభిప్రాయమునకు రాలేదు. కాని ఒక్కటి నిశ్చయము. విచారణ సందేహించుచున్నది, బిళ్ల సందేహింపలేదు. బిళ్లపై "బహుశః" అను మాటకు చోటు లేదు.

రెండవ ప్రపంచయుద్ధమునకు వత్తము. జర్మనీ 1943 మార్చిలో వీరస్మారక దినమునకై పండ్రెండు బిళ్లల వరుసను వెలువరించెను. అందు 3 ఫెనిగ్‌ల బిళ్లపై జలాంతర్గామి కలదు. వెలకు తోడు మఱి 2 ఫెనిగ్‌లు అదనముగా వసూలు చేసిరి. ఆ బొమ్మలో నౌక నీటిపై ధీరముగా పోవుచున్నట్లుండును. దానిని కొన్నవాడు విజయమును కొన్నట్లే తలచియుండును. ఆ మార్చిలో అట్లాంటికు సముద్రమున జర్మనుల జలాంతర్గాములు నిజముగానే వర్తకనౌకలను పెక్కింటిని ముంచుచుండెను. రెండు నెలలు గడచెను. మే నెలలో నలుబదికి మించిన జర్మను జలాంతర్గాములు నశించెను. ఆ నెల చివరన వాని సేనాపతి డోనిట్స్ ఉత్తర అట్లాంటికునుండి వానిని వెనుకకు పిలువవలసివచ్చెను. యుద్ధమంతయు ముగియునప్పటికి ఆ నౌకలలో పనిచేసిన రమారమి 40,000 మందిలో నూటికి డెబ్బదిమంది చనిపోయిరి. వారిలో అనేకులు మన పాఠశాల వదలి రెండు మూడేండ్లయిన విద్యార్థుల యీడువారు. వారు ముంచిన వర్తకనౌకలలో పొయ్యిలకు బొగ్గువేయుచు, వంటచేయుచు నుండిన భారతీయ నావికులు వేలకొలది మరణించిరి. బిళ్లపై ఆ బాలురు లేరు. ఈ నావికులును లేరు.

జపానువారి బిళ్ల యింకను విచిత్రమైనది. హవాయి దీవులలోని పెరల్ హార్బరుపై దాడిచేసి యొక సంవత్సరమైన సందర్భమున, 1942 డిసెంబరు 8వ తేదీన, వారు ఆ దాడినే బిళ్లపై ముద్రించి, వెలపై అదనపు రుసుముకూడ తీసికొనిరి. ఆకాశమునుండి చూచినట్లు రేవులోని అమెరికా నౌకలు కనబడును. ఆ దాడికి విమానములను మోసికొనిపోయిన వాహకనౌకలు ఆఱు. బిళ్ల వెలువడునప్పటికి వానిలో నాలుగు, అకాగి, కాగా, సోర్యూ, హిర్యూ అనునవి, జూనులో జరిగిన మిడ్వే యుద్ధమున మునిగి యాఱు నెలలైనది. ఆ సంగతి జపాను ప్రజలకు దాచిరి. తపాలా కార్యాలయపు కిటికీ ముందు నిలిచి, సముద్రగర్భమున పడియున్న నౌకల విజయమునకై ఒక తల్లి అదనపు కాసు నిచ్చుచుండెను. ఆమె కుమారుడు ఆ నౌకలయందే యుండెనేమో!

ఈ కథలో మనకును భాగమున్నది. ఆ యేడే ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు మన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. అవి బంగాళాఖాతములోనికి వచ్చిన ర్యూజో అను వాహకనౌకనుండి వచ్చినవి. పెరల్ హార్బరు బిళ్లను చూచు తెలుగు బాలుడు, అట్టి నౌక తన తీరమునకును వచ్చెనని తెలిసికొనవలెను. బొమ్మలో విమానమునుండి క్రిందికి చూచు కన్ను మనది. ఆ దినమున మన పెద్దలు క్రిందనుండి పైకి చూచుచుండిరి.

ఇంతవఱకు చదివి, "అట్లయిన బిళ్లలన్నియు అబద్ధములే" యని కొందఱనవచ్చును. నే నట్లనను. ప్రచారమన్నంతమాత్రమున అసత్యము కాదు. పోలెండు దేశమును శత్రువులు ఆక్రమించిన పిమ్మట లండనులో తలదాచుకొన్న దాని ప్రభుత్వము 1941లో బిళ్లలను ముద్రించెను. వానిలో వార్సా నగరపు శిథిలములు కలవు. 'ఓజెల్' అను పోలిష్ జలాంతర్గామియు కలదు. ఆ జలాంతర్గామి 1940లోనే గస్తీకి పోయి తిరిగిరాలేదు. ఆ బిళ్లల నంటించుటకు స్వదేశమున నొక్క తపాలా కార్యాలయమైనను వారి చేతిలో లేదు. పోలిష్ నౌకలపై వ్రాసిన యుత్తరములకు వానిని వాడిరి. నార్వే ప్రభుత్వమును అట్లే లండనునుండి 1943లో యుద్ధనౌకయు, బారుగా పోవు వర్తకనౌకలును, "మేము గెలుతుము" అను వాక్యమును గల బిళ్లలను తన నావికులకై వెలువరించెను. కెనడా 1942లో 20 సెంట్ల బిళ్లపై నిర్మాణశాలలో సిద్ధమైన చిన్న యుద్ధనౌకను చూపెను. అది పనివాండ్ర శ్రమను గౌరవించు బొమ్మ. ఇవియు ప్రచారములే. కాని ఇల్లు పోగొట్టుకొన్నవాడు "నే నింకను బ్రతికియున్నాను" అనుటకును, ఇల్లు దోచినవాడు "నేను గొప్పవాడను" అనుటకును భేదము లేదా? ఆ భేదమును గుర్తింపలేని విద్య యేమి విద్య?

ఇటీవలి యుదాహరణము అందఱును ఎఱిగినదే. 2022 ఫిబ్రవరి 24వ తేదీన రష్యా సేనలు ఉక్రెయిను దేశమున ప్రవేశించినపుడు, నల్లసముద్రములోని సర్పద్వీపమును కాచుచున్న కొలదిమందిని లొంగిపొమ్మని 'మాస్క్వా' అను పెద్ద యుద్ధనౌక యాజ్ఞాపించెను. వారిలో నొకడు మోటుమాటతో తిరస్కరించెను. వారందఱు మరణించిరని మొదట ప్రకటింపబడెను; తరువాత వారు సజీవులై బందీలుగా నున్నారని తెలిసెను. ఉక్రెయిను తపాలావారు ఆ ఘట్టమును బిళ్లగా ముద్రించి ఏప్రిలు 12వ తేదీన వెలువరించిరి. తీరమున నిలిచిన సైనికుడొక్కడు, ఎదుట నౌక. కీవు నగరమున జనులు దానికై బారులుతీరి నిలిచిరి. రెండు దినములకే, 14వ తేదీన, ఆ నౌక మునిగెను. తమ క్షిపణులు తగిలినవని ఉక్రెయిను చెప్పెను. లోపల నిప్పుపుట్టి మందుగుండు ప్రేలినదని రష్యా చెప్పెను. ఒకడు మరణించెననియు, 27 మంది కనబడలేదనియు ఎనిమిది దినముల తరువాత రష్యా ప్రకటించెను.

చదువరులారా, మెయిన్ కథను దీని ప్రక్కన నుంచి చూడుడు. అక్కడ లోపలినుండి వచ్చియుండదగిన నిప్పును శత్రువు చేసినదన్నారు. ఇక్కడ శత్రువు కొట్టినదెబ్బను లోపలి నిప్పన్నారు. మొదటిది జనులను యుద్ధమునకు పురికొల్పుటకు పనికివచ్చెను. రెండవది పరాభవమును కప్పిపుచ్చుటకు. నౌక మునుగుట ఒక్కటే. అవసరమునుబట్టి కారణము మాఱును. దండెత్తివచ్చినవానిని ధిక్కరించిన చిన్నదేశముపై నాకు గౌరవము కలదు. ఆ బిళ్ల నంటించినవారిని నేను తప్పుపట్టను. అయినను ఆ 27 మంది తల్లులు తమ కుమారుల జాడ యెవరిని అడిగియుందురో ఏ దేశపు బిళ్లయు చెప్పదు.

ఇప్పుడు ఆ తండ్రిగారికి నా యుత్తరము. అయ్యా, తమ భయము న్యాయమైనదే. ఆ బొమ్మలు బాలుర మనస్సును ఆకర్షించుటకే చేసినవి, ఆకర్షించుచునే యున్నవి. కాని పుటను చించివేసినంత మాత్రమున ఆ శక్తి పోదు. నేడు బిళ్ల చేయు పనిని బాలుని చేతిలోని ఫోనులోని బొమ్మలు క్షణమునకొకటిగా చేయుచున్నవి. వానిని చించుట మనచేత కాదు. నిలుకడగా నుండు చిన్న కాగితముపై బొమ్మను పరీక్షించుట నేర్చినవాడు, కదలు బొమ్మను చూచినపుడు కొంత నిదానించును. బిళ్ల మనకు చేతిలో పట్టుకొనదగిన పాఠము.

"వట్టి బొమ్మలే" యన్న మిత్రునికిని ఒకమాట. వట్టి బొమ్మలైనచో ప్రభుత్వములు యుద్ధమధ్యమున, కాగితమును సిరాయును కఱవైన కాలమున, వానికై చిత్రకారులను నియమించి యుండవు. శత్రువు విలువనెఱిగి చేసిన పనిని మనము విలువలేనిదని నవ్వుట వివేకము కాదు.

ఆ బాలునికి నేను చెప్పునది యిది. నాయనా, పుటను తీసివేయకుము. దానికెదురుగా నొక తెల్లపుటను చేర్చుము. ప్రతి యుద్ధనౌక బిళ్లకును ఎదురుగా మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాయుము. ఈ బిళ్లను ముద్రించినదెవరు, ఎప్పుడు? ఆ దినమున వారు దాచిన సంగతి యేది? ఈ బొమ్మలో నుండవలసియుండి లేనివారెవరు? సమాధానము దొరకనిచోట ఖాళీ వదలుము. ఖాళీ పుట సిగ్గుపడవలసినది కాదు. తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయుటయే సిగ్గు. మన దేశపు బిళ్లలనుగూడ ఈ ప్రశ్నలనుండి తప్పింపకుము. 1968లో మన నౌకాదళ దినమునకై వెలువడిన 'నీలగిరి' నౌక బిళ్లను చూచి గర్వపడుము. గర్వపడుచునే, ఆ మూడు ప్రశ్నలనే దానినిగూర్చియు అడుగుము. తన యింటిని ప్రశ్నింపక పొరుగింటినే ప్రశ్నించువాడు పరీక్షకుడు కాడు.

చివరకు ఒక మంచి బిళ్లనుగూర్చి చెప్పి విరమించెదను. మొదటి ప్రపంచయుద్ధమున 'ఎండెన్' అను జర్మను నౌక 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి మద్రాసు రేవుపై గుండ్లు కురిపించి, నూనె తొట్లను తగులబెట్టెను. నాడు మన తెలుగు జిల్లాలలో చాలవాటికి రాజధాని మద్రాసే. నగరమునుండి జనులు మూటలతో పాఱిపోయిరి. ఆ నౌకను నవంబరు 9వ తేదీన కోకోసు దీవులకడ ఆస్ట్రేలియావారి 'సిడ్నీ' నౌక ధ్వంసము చేసెను. నూటముప్పదిమందికి పైగా జర్మనులు మరణించిరి. డెబ్బదియైదేండ్ల తరువాత, 1989లో, ఆస్ట్రేలియా పాలనములోని ఆ కోకోసు దీవులవారే దాని జ్ఞాపకార్థము బిళ్లల వరుసను వెలువరించిరి. అందు సిడ్నీతోపాటు ఎండెను కలదు. ఆ ఓడిన నౌక నాయకుడు ఫాన్ మ్యుల్లరు, పట్టుబడిన నావికులను మర్యాదతో చూచెనని పేరుపడ్డవాడు.

యుద్ధము జరుగుచుండగా నట్టి బిళ్లను ఎవరును ముద్రింపలేరు. దానికి డెబ్బదియైదేండ్లు పట్టినది. యుద్ధకాలపు బిళ్ల ప్రక్కన చేర్చిన తెల్లపుటపై మన బాలుడు ఆ పనిని ఇప్పుడే ప్రారంభింపవచ్చును. వచ్చు వార్షికోత్సవమున ఆ పుస్తకమును మఱల తెఱచియుంచవలెననియు, ఆ తండ్రిగారు మఱల వచ్చి రెండు పుటలను చదువవలెననియు కోరుచున్నాను.